ప్లగ్గు పట్టని దేశంలో లైన్ క్లియర్

ఒక్కో దేశానికి ఒక్కో రకం ప్లగ్గు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. తెలిస్తే ఆయనకు విగ్రహం పెట్టిస్తాను. విగ్రహం చేతిలో పుస్తకమో కత్తో కాకుండా, ఎక్కడా పట్టని ఛార్జర్ ఒకటి పెట్టిస్తాను.

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మీరు ఎప్పుడైనా విదేశం వెళ్లి, హోటల్ గదిలో మంచం వెనక మోకాళ్ల మీద వంగి, గోడలో ఉన్న కన్నాలతో మొహానికి మొహం పెట్టి కూర్చున్నవారైతే ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటారు. తిట్టుకోండి. కానీ ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో గోడను అంత దగ్గరగా ఎప్పుడైనా చూశారా? మోకాళ్లు వంగవని డాక్టరు దగ్గర మొరపెట్టుకునే మనిషి చేత, తెలియని దేశంలో, తెలియని గోడకు, దిగిన పది నిమిషాల్లో సాష్టాంగం పెట్టించగల శక్తి ఇంకదేనికుంది?

పైగా ఆ కన్నాల అందం చూడండి! ఒక దేశంలో రెండు గుండ్రటి కన్నాలు, అప్పుడే నిద్ర లేచినవాడి కళ్లలా ఉంటాయి. ఇంకో దేశంలో పైన ఒకటి, కింద రెండు, అన్నీ పలకలే. ఏదో కబురు విని నోరు తెరిచిన పిన్నిగారి మొహం. మరో చోట ఏటవాలుగా రెండు గీతలు, కింద ఒకటి. అది అచ్చం అల్లుడి జీతం ఎంతో తెలిసిన మామగారి మొహం. అన్ని గోడలకూ ఒకే మొహం ఉంటే ప్రపంచం చుట్టి రావడం దేనికి?

మా తోడల్లుడు కాలేజీ లెక్చరర్. అన్ని దేశాలకూ పనికొచ్చే అడాప్టర్ ఒకటి కొనుక్కుని విదేశం వెళ్లాడు. చిన్న సైజు ఇటుకంత ఉంటుంది. గోడకు పెడితే దాని బరువుకు అదే ఊడి పడుతుంది. కింద సూట్‌కేసు పెట్టాడు, సూట్‌కేసు మీద బూటు పెట్టాడు, బూటు మీద దిండు పెట్టాడు. అయినా ఆగలేదు. చివరికి తానే చేత్తో పట్టుకుని గోడవారగా నలభై నిమిషాలు నిలబడ్డాడు. పదకొండు శాతం ఎక్కింది. ఆ నలభై నిమిషాలూ వాళ్లావిడ చెప్పినవన్నీ విన్నాడట. ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి. మధ్యలో లేచి వెళ్లడానికి వీల్లేదు మరి!

వోల్టేజీ సంగతి చెప్పనే లేదు. దేశాలు మారే దారిలో నేను ఒక పూట సగం వోల్టేజీ దేశంలో ఆగాను. విమానాశ్రయం బాత్రూములో, అక్కడ అమ్మే పిన్ను ఒకటి తగిలించి, గడ్డం ట్రిమ్మర్ పెట్టాను. అది గొరగలేదు. ఆలోచించింది. ఎడమవైపు మీసం సగానికి వచ్చేసరికి విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. పాస్‌పోర్టు అధికారి ఫొటో వంకా నా వంకా నాలుగుసార్లు చూసి, నన్ను పక్కకు తిప్పి చూసి, కుడివైపు మాత్రం సరిపోయిందన్నట్టు ముద్ర వేశాడు. ఆ సగం వోల్టేజీ దేశం నుంచి మా పక్కింటావిడ తెచ్చుకున్న జుట్టు ఆరబెట్టే మెషీను కథ దీనికి తలకిందులు. మన పూర్తి వోల్టేజీకి అది నాలుగు క్షణాలు తుఫానులా వీచి, ఐదో క్షణాన పొగలా లేచి వెళ్లిపోయింది. ఇంత వినోదం ఉచితంగా ఇంకెక్కడ దొరుకుతుంది?

అయితే ఇవన్నీ పైపై లాభాలు. అసలు లాభం నేను కళ్లారా చూసింది చెబుతాను.

మా మామగారు విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయనా, ఆయనలాగే ఆ శాఖలో రిటైరైన మరో ఎనిమిదిమందీ కలిసి వారం రోజుల విదేశీ యాత్ర పెట్టుకున్నారు. ఫారాలు నింపడానికి చదువుకున్నవాడొకడు కావాలన్నారు. ఇలాంటి వాటికి కాకపోతే అల్లుడనేవాడు ఎందుకున్నట్టు? వెళ్లాను. తొమ్మిదిమంది సర్వీసూ కూడితే మూడు వందల ఏళ్లు దాటింది. మూడు వందల ఏళ్ల కరెంటు అనుభవం ఒకే విమానంలో ఎక్కింది. పైలట్‌కు ఆ సంగతి తెలియదు పాపం.

బయల్దేరేటప్పుడే ఒక అపశ్రుతి. విమానాశ్రయంలో మామగారి చొక్కా జేబులోంచి టెస్టర్ లాగేసుకున్నారు. వైరులో కరెంటు ఉందో లేదో చిన్న బల్బు వెలిగి చెప్పే స్క్రూడ్రైవరు అది. అది జేబులో లేకుండా ఆయన్ని నేను పెళ్లిచూపుల నాటి నుంచీ చూడలేదు.

"అది కత్తి కాదు బాబూ, టెస్టరు," అన్నారు మామగారు.

"మొన ఉంది కదండీ," అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"మొన లేకపోతే లైనుకెలా తగుల్తుంది? నీకు మాత్రం ముక్కు లేదూ?"

ముక్కున్న ఆ మనిషి టెస్టర్ని డబ్బాలో పడేశాడు. మామగారు విమానంలో కూర్చున్నంతసేపూ ఖాళీ జేబు తడుముకుంటూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి హోటల్లో దిగాం. నాలుగంతస్తుల పాత హోటలు. మావన్నీ మూడో అంతస్తు గదులు. గైడు మన భాష కుర్రాడే, మర్యాదస్తుడు.

"పన్నెండింటికి బస్సండీ, కోట చూడ్డానికి. టికెట్లు ఎవరి ఫోన్‌కి వాళ్లకొచ్చాయి. గేటు దగ్గర ఫోన్ చూపించాలి. ఛార్జింగ్ చూసుకోండి సార్," అన్నాడు.

"ఫోన్ ఆగిపోతే? మనిషి ఎదురుగానే ఉంటాడు కదయ్యా?" అన్నారు మా బృందంలోని మీటర్ రీడరు గారు. ఈయన ఏ గదిలోకి వెళ్లినా ముందు గోడల వంకే చూస్తారు. సర్వీసులో పడ్డ అలవాటు.

"మనిషొస్తే లాభం లేదు సార్. ఫోన్ రావాలి."

ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి.

తొమ్మిది ఫోన్లూ అప్పటికే అవసాన దశలో ఉన్నాయి. దారంతా స్విచ్ ఆఫ్ చేసుకుని ఉంచిన నా ఫోన్లో మాత్రం నాలుగు శాతం ఉంది. తొమ్మిది ఛార్జర్లు బయటికి తీశారు. తొమ్మిదింటికీ రెండేసి గుండ్రటి పిన్నులు. గోడలో మాత్రం నోరు తెరిచిన పిన్నిగారి మొహం!

మామగారి గదిలో సభ తీరింది. మూడు వందల ఏళ్ల అనుభవం ఒక సాకెట్ చుట్టూ మూగింది. ఊళ్లకు ఊళ్లు వెలిగించిన చేతులు, ఒక్క ఫోను వెలిగించలేక నడుముల మీదికి వెళ్లాయి.

"పిన్ను గుండ్రం. కన్నం పలక. ఈ సంబంధం కుదర్దు," అని తేల్చారు మీటర్ రీడరు గారు.

గైడుకు ఫోన్ చేస్తే, హోటల్లో అడాప్టర్లు లేవనీ, ఆ రోజు షాపులకు సెలవనీ, సాయంత్రానికి తనే తెస్తాననీ చెప్పాడు. ఆ కబురుతో నాకు ఒక శాతం పోయింది.

మామగారు కళ్లజోడు తుడుచుకుని సాకెట్‌లోకి తొంగి చూశారు. కింది రెండు కన్నాలకూ లోపల ప్లాస్టిక్ తలుపులున్నాయట. పై కన్నంలో ఏదైనా దూర్చి నొక్కితే ఆ తలుపులు తెరుచుకుంటాయట. అప్పుడు మన రెండు పిన్నులూ బిగించి తోస్తే దిగుతాయట. ఐదు నిమిషాల్లో కనిపెట్టేశారు! ఇలా చెయ్యమని నేను మీకెవరికీ చెప్పడం లేదు. ఆయన సర్వీసు మీకుంటే అప్పుడు ఆలోచించండి.

"ఇదిగో మామయ్యా, పెన్ను," అని అందించాను.

ఆయన నా వంక చూసిన చూపులో ఆరేళ్ల అల్లుడి హోదా ఆవిరైపోయింది.

"లైన్లో కరెంటుండగా దూరుస్తానా?"

"పక్కనే స్విచ్చుంది కదా. ఆపేద్దాం."

"ఆగిందని ఎవరు చెప్పారు?"

"స్విచ్చే చెబుతోంది కదా మామయ్యా."

"స్విచ్చు సంగతి స్విచ్చు చెబుతుంది అల్లుడూ. వైరు సంగతి చెప్పే టెస్టరేది? లాక్కున్నారుగా. ఎల్‌సీ తీసుకోవాల్సిందే."

గదిలో మిగతా ఏడుగురూ ఒక్కసారిగా మాట ఆపేశారు.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ తన పేరు, చేసే పని, సమయం చీటీ మీద రాసి సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కిస్తాడు. ఆపరేటర్ లైను ఆపి, సంతకం పెట్టి, ఒక ప్రతి తన దగ్గరుంచుకుని రెండోది లైన్‌మన్‌కిస్తాడు. పని అయ్యాక అదే మనిషి వచ్చి, అదే చీటీ మీద 'అందరం దిగాం' అని రాసి సంతకం పెట్టి ఇచ్చేదాకా ఆ లైను ఎవరూ వెయ్యకూడదు. ఎవరు చెప్పినా వెయ్యకూడదు. ఆ శాఖలో ఇది చొక్కా గుండీల్లాంటిది. పెట్టుకోకుండా బయటికి రారు.

ఫోన్ ఛార్జింగ్‌కు లైన్ క్లియర్ తీసుకోవడం ప్రపంచ చరిత్రలో ఎక్కడైనా జరిగిందా? మూడు వందల ఏళ్ల సర్వీసున్నవాళ్లకు తప్ప ఇలాంటి ఆలోచన ఎవరికొస్తుంది? కానీ గదిలో వాళ్లు మాట ఆపింది అందుక్కాదు. లైన్ క్లియర్ ఇవ్వాల్సినవాడు ఆపరేటరు. మా బృందంలో ఆపరేటరుగా చేసినాయన ఒక్కరే ఉన్నారు. మా మామగారికీ ఆయనకూ పదకొండేళ్లుగా మాటల్లేవు.

మా మామగారి కుడిచేతి చివరి రెండు వేళ్లూ మడవడానికి రావు. పదకొండేళ్ల కిందట చీటీ తీసుకుని, స్తంభం ఎక్కి, తెగిన తీగ కలుపుతున్నారు. ఎక్కడో పెద్దవాళ్ల మీటింగు. మైకు ఆగిపోయింది. సబ్‌స్టేషన్‌కి పై నుంచి ఫోనొచ్చింది. "పనైపోయిందయ్యా, మీవాడు దిగిపోయాడు, వేసెయ్." ఆపరేటరు గారు వేసేశారు. మైకు పలికింది. మామగారు స్తంభం మీంచి తడి మళ్లో పడ్డారు కాబట్టి నాకు పిల్లనివ్వడానికి మిగిలారు. చీటీ ఆయన జేబులోనే ఉంది.

విచారణ జరిగింది. ఫోన్ చేసిందెవరో తేలలేదు. చీటీ మీద సంతకం ఉంటుంది, ఫోన్ మీద ఉండదు కదా! ఆపరేటరు గారిని మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన ఆసుపత్రికి రెండుసార్లు వచ్చారట. రెండుసార్లూ మామగారు గోడవైపు తిరిగి పడుకున్నారట. అప్పటి నుంచి సంఘం మీటింగుల్లో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర.

ఇక్కడ కూడా అంతే. ఆపరేటరు గారు మా సభకు రాలేదు. కిటికీల్లేని వరండాలో, తన గది గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. కరెంటు డబ్బా సరిగ్గా ఆయన తల పక్కనే గోడకుంది. హోటలు కట్టినవాడికి మా గొడవ ఎవరు చెప్పారో!

మామగారు హోటల్ వాళ్ల చిన్న నోట్ ప్యాడ్ తీసుకుని రెండు చీటీలు రాశారు. 'గది 304. పని: ఫోన్ ఛార్జింగ్. సమయం 9.50.' రెండు వేళ్లు నిటారుగా పెట్టి, మిగతా మూడింటితో సంతకం చేశారు. వరండాలోకి వెళ్లి, మాట లేకుండా చెయ్యి చాపారు.

ఆపరేటరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. చదివారు. మళ్లీ చదివారు. జేబులోంచి పెన్ను తీసి రెండింటి మీదా సంతకం పెట్టి, ఒకటి తిరిగిచ్చారు. డబ్బా తెరిచారు. లోపల ఏ మీటకు ఏ గదో రాసి ఉన్నా, ఆ రాత మాకెవరికీ రాదు. ఆయన అనుమానానికి తావివ్వకుండా అన్నిటికంటే పెద్ద మీట దించేశారు.

మూడో అంతస్తు మొత్తం చీకటైపోయింది.

"లైన్ క్లియర్," అన్నారాయన. పదకొండేళ్లలో మొదటి మాట. అదీ డ్యూటీ మాట.

మామగారు తలూపి, దూర్చడానికి ఎండు పుల్ల కావాలని కిందికి వెళ్లారు. ప్లాస్టిక్‌ను ఆయన నమ్మరు. ఐదు నిమిషాల్లో వస్తానన్నారు.

పది నిమిషాలకు 301లోంచి సబ్బు నురగతో ఒక పెద్దమనిషి తల బయటపెట్టాడు. వేడినీళ్లు ఆగిపోయాయి. 307లోంచి సగం జుట్టు నిటారుగానూ సగం ఉంగరాలుగానూ ఉన్న ఒకావిడ వచ్చింది. వచ్చే దారిలో సగమే గొరిగిన నా మీసం వంక చూసి, మాది ఒకటే జబ్బనుకుని కాస్త శాంతించింది. ఇరవై నిమిషాలకు రిసెప్షన్ ఆవిడ మెట్లెక్కి వచ్చింది. డబ్బా చూసింది. డబ్బా ముందు కొలిచి నిలబెట్టినట్టున్న ఆపరేటరు గారిని చూసింది. వాళ్ల భాషలో చాలా చెప్పింది. ఆయన మన భాషలో ఒక్కటే చెప్పారు.

"మనిషి లైను మీదున్నాడమ్మా."

అర్ధగంటైంది. మామగారు రాలేదు. ఆయన ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది. ఎవరికి చేస్తాం? మీటర్ రీడరు గారు వీధి చివరిదాకా వెళ్లి వెతికొచ్చారు. కనబడలేదు. ఆపరేటరు గారికి షుగరు. కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కుర్చీ తెచ్చి వేశాను.

"కూచోండి బాబాయ్."

"కూచుంటే కునుకు పడుతుంది బాబూ."

"అసలు మామయ్య పని మొదలే పెట్టలేదు కదా. పుల్ల కోసం వెళ్లారు, అంతే. ఇప్పుడు వేసేస్తే ఏమవుతుంది? ఆయనొచ్చాక మళ్లీ ఆపుదాం."

"నువ్వు చూశావా, ఆయనెక్కడున్నాడో?"

"లేదనుకోండి."

"మరి?"

ఇంత చదువు చదివినవాణ్ని, కుర్చీ గోడవారగా జరిపి ఆయన పక్కన నిలబడ్డాను.

పదకొండున్నరకు నా ఫోన్ మోగింది. గైడు.

"సార్, హోటల్ వాళ్లు గోల పెట్టేస్తున్నారు. మీ మామగారు కిందే ఉన్నారు, తెల్ల చొక్కా, నేనిప్పుడే చూశాను. పనైపోయిందట. వేసెయ్యమనండి."

స్పీకర్లో పెట్టాను. వరండా అంతా విన్నది. సబ్బు నురగ పెద్దమనిషికి భాష రాకపోయినా విషయం అర్థమై, ఆశగా ముందుకు జరిగాడు. రిసెప్షన్ ఆవిడ చెయ్యి మీట వైపు చాపింది. ఆపరేటరు గారు ఆ చేతికీ మీటకీ మధ్య తన అరచెయ్యి పెట్టారు.

"మనిషి రాలేదు," అన్నారు.

"ఫోనొచ్చింది కదండీ!" అన్నారు మీటర్ రీడరు గారు.

"ఆ రోజూ ఫోనే వచ్చింది."

గైడు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే నాకు మిగిలిన మూడు శాతమూ అయిపోయి, తెర నల్లబడింది. ఇక ఆ అంతస్తులో ఆపరేటరు గారికి ఎవరూ ఏ ఆర్డరూ వెయ్యడానికి వీల్లేదు. ప్లగ్గు పట్టని దేశం ఆయన పక్షాన నిలబడింది. ప్లగ్గులన్నీ ఒకేలా ఉంటే, ఆ ఫోన్ నిండా ఛార్జింగ్ ఉంటే, ఎంత పెద్దవాళ్ల చేతైనా ఎన్నిసార్లైనా చెప్పించి ఉండేవాళ్లు కారా? చెప్పండి!

పదకొండూ నలభైకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మామగారు. చేతిలో ఎండు పుల్ల. తెల్ల చొక్కా కాదు, గళ్ల చొక్కా. గైడు చూసిన తెల్ల చొక్కా ఏ దేశపు తాతగారో!

ఆయన పై మెట్టు మీద ఆగి, చీకటి వరండా చూశారు. గుంపును చూశారు. డబ్బా ముందు నిలబడ్డ మనిషినీ, మీటకు అడ్డంగా పెట్టిన చేతినీ చూశారు. జేబులోంచి తన చీటీ తీసి, గోడకు ఆనించి, 'అందరం దిగాం. లైను వేయవచ్చు. 11.42' అని రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

ఆపరేటరు గారు తన చీటీ తీసి, రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. గంటన్నరకు పైగా నిలబడ్డవాడు ఇంకో అర నిమిషం నిలబడలేడా? ఆ తర్వాతే మీట ఎత్తారు. 301లో నీళ్ల చప్పుడు, దాని వెంటే ఒక కేక వినబడ్డాయి. వేడినీళ్లు కాబోలు.

"మరి ఛార్జింగో?" అన్నారు మీటర్ రీడరు గారు.

మామగారు ఆపరేటరు గారి కాళ్ల వంక చూస్తున్నారు. రెండూ పొంగి చెప్పుల్లోంచి బయటికొచ్చాయి.

"ఏవయ్యా, కుర్చీ ఉందిగా. కూచోకూడదూ?"

"నువ్వు చెప్పాపెట్టకుండా ఎక్కడికి పోయావ్?"

"టీ తాగుదాం పద, చెబుతాను."

పన్నెండింటి బస్సు వెళ్లిపోయింది. కోట మాకు ఈ జన్మకు ప్రాప్తం లేదు. ఎవరూ బాధపడలేదు.

టీ దగ్గర మామగారు చెప్పింది ఇది. పుల్ల కోసం పార్కులోకి వెళుతుంటే ఓ సందు లోపల నలుగురు లైన్‌మన్లు పని చేస్తూ కనబడ్డారట. ఇక ఆయన కాళ్లు కదులుతాయా? భుజాల దాకా తొడుగులు, తలకు టోపీలు, మనిషిని పైకెత్తే బండి. అవి కాదు ఆయన్ని నిలబెట్టేసింది. రోడ్డు పక్క ఇనప పెట్టెలో లైను ఆపే మీట ఉంది. ఆ మీటకు నాలుగు తాళాలు వేలాడుతున్నాయి. నాలుగూ నాలుగు రంగులు.

"నలుగురు మనుషులు, నాలుగు తాళాలు. ఎవడి తాళం వాడిదే. చెవి వాడి జేబులోనే. పని చేసి దిగినవాడు వచ్చి తన తాళం తను తీసుకుంటాడు. నాలుగోవాడు దిగి తీసేదాకా లైను రాదు. నేను నా వేళ్లు చూపించాను. వాళ్ల పెద్దాయనకు నా భాష ఏం తెలుస్తుంది? అయినా తెలిసింది. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, పక్కవాడి తాళానికి పెట్టి తిప్పమన్నాడు. తిప్పాను. తిరగలా."

"తిరగలేదా?" అన్నారు ఆపరేటరు గారు.

"తిరగలా. ఒకడిది ఇంకోడికి పట్టదు. వాళ్ల మంత్రి వచ్చినా పట్టదు."

ఆపరేటరు గారు గ్లాసు కింద పెట్టారు.

"అలాంటి తాళం ఒకటి ఆ రోజు ఉంటే..." అన్నారు.

"ఉంటే నీ మీద ఇంత కోపం ఉండేది కాదు," అన్నారు మామగారు. "తాళం లేక నువ్వే తాళమైపోయావివాళ. తాగు, చల్లారిపోతోంది."

సాయంత్రం గైడు తొమ్మిది అడాప్టర్లు తెచ్చాడు. తొమ్మిది ఫోన్లూ కళ్లు తెరిచాయి. నాకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది.

తిరుగు ప్రయాణంలో మామగారూ ఆపరేటరు గారూ కలిసి ఎరుపొకటి, పసుపొకటి, రెండు తాళాలు కొన్నారు. ఇంటికొచ్చిన వారానికి ఇద్దరూ ఒకే స్కూటర్ మీద తమ పాత ఆఫీసుకు వెళ్లి, కుర్చీలో ఉన్న కొత్త అధికారి ముందు పెట్టి, అంతా చెప్పారు. నేనూ వెనకే ఉన్నాను. ఆయన మంచివాడు. శ్రద్ధగా విన్నాడు. ఎర్ర తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టేబుల్ మీది కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టుకున్నాడు.

"బాగుంది పెద్దాయనా. కానీ ఈ రోజుల్లో తాళాలూ చీటీలూ ఎవరు చూస్తారు? ఇప్పుడు అన్నీ ఫోన్లోనేగా. స్తంభం మీంచి వాడు ఫోన్ చేస్తాడు, ఇక్కడ వీడు వేస్తాడు. క్షణంలో పని," అన్నాడు.

ఆయన మాట ముగిసేలోపే టేబుల్ మీద ఆయన ఫోన్ మోగింది. గోడకున్న సాకెట్‌లోంచి, చక్కగా అమరిన రెండు గుండ్రటి పిన్నుల మీదుగా నిండా ఛార్జింగ్ తాగుతూ మోగింది. మా మామగారు ఆ గోడ వంక చూశారు. నేనూ చూశాను.

అయ్యా, ప్రపంచమంతా ఒకే ప్లగ్గు కావాలని మీరు అర్జీలు పెడుతున్నారు. నేను దానికి వ్యతిరేకంగా పెడుతున్నాను. పట్టకపోవడం గొప్ప గుణం. ఆ దేశంలో నలుగురు లైన్‌మన్ల ప్రాణాలకు నాలుగు తాళాలు, ఒకరి తాళంచెవి ఒకరికి పట్టదు. మన దగ్గర ఒక్క ఫోన్ కాల్ అన్ని తాళాలకూ పడుతుంది.

విద్యుత్ శాఖ పెద్దలారా, తాళాలు కొనడం మీ వల్ల కాదని తెలిసింది. పోనీ, నా మనవి ఒకటి వినండి. మన సబ్‌స్టేషన్లన్నిటిలో గోడల కన్నాలు మార్పించండి. మూడు పలకలు పెట్టించండి, ఏటవాలు గీతలు పెట్టించండి, ఏ దేశానివైనా సరే. అక్కడ ఏ ఛార్జరూ పట్టకూడదు. స్తంభం మీద మనిషి ఉన్నంతసేపూ కింద ఆ ఫోనుకు ప్రాణం ఉండకూడదు.

ఇద్దరిలో ఒకరు చావక తప్పదనుకుంటే, అది ఫోనైతే నష్టమేమిటి?